మణికట్టు పట్టుకుని మూడు దీవులు

బయలుదేరే ముందు

ఓడ మీద దీవులు తిరిగి వచ్చామని తెలిసినప్పటి నుంచి నా టైలరింగు షాపుకు వచ్చే ఆడవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంత బాగుందో కదా?" బాగుంది. కానీ పోయిన రోజు నుంచి వచ్చిన రోజు దాకా నా గుండె దడ తగ్గలేదు. ఆ సంగతి దాచిపెట్టి నీలం నీళ్లు, తెల్ల ఇసుక అని ఊరించడం నా వల్ల కాదు. చూడని వాళ్ల కోసం, భయంతో సహా రాస్తున్నాను.

మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. సర్కారు ఇచ్చే ప్రయాణపు రాయితీ ఈసారి వాడుకోకపోతే పోతుందన్నాడు. నేను ఊటీ అన్నాను. ఆయన లక్షద్వీప్ అన్నాడు. కొచ్చిలో ఓడ ఎక్కితే మూడు దీవులు చూపించి మళ్లీ కొచ్చిలోనే దింపుతారట. పడక, తిండి అన్నీ ఓడలోనే. నేను ఇంకా ఆలోచిస్తుండగానే అసలు మాట బయటపెట్టాడు.

"అక్కను గూడ తీస్కపోదాం."

ఆయన అక్క, అంటే మా వదిన రత్నమ్మ, ములకలపల్లి అవతల అడవి అంచున చిన్న ఊళ్లో ఉంటుంది. ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు. వానాకాలం అది పొంగితే ఊరు ఊరంతా అవతలే ఉండిపోతుంది. నాలుగేళ్ల కింద ఆ వాగు దాటుతూనే వదిన భర్త, మా అన్నయ్య, కొట్టుకుపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగారు, వదిన ఒక్కతే గడ్డ ఎక్కింది. "పట్టిన చెయ్యి ఇడిసింది" అని ఊళ్లో ఒక మాట పుట్టింది. వదిన దానికి ఔననలేదు, కాదనలేదు. ఆ రోజు నుంచి వాగులో కాలు మాత్రం పెట్టలేదు. ఎండాకాలంలో పాదాలు తడవనన్ని నీళ్లున్నా సరే, అడవిలో చుట్టు తిరిగి రోడ్డు మీదికి వస్తుంది. వానలు పడితే ఆ చుట్టుదారి కూడా ఉండదు.

మేం బయలుదేరే నాటికి ఆమె ఒక్కగానొక్క కూతురు కరుణ కడుపుతో ఉంది. కాపురం వాగుకు ఇవతల, ములకలపల్లిలో. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు గానీ, వాగు అవతలి పుట్టింటికి నిండు గర్భిణిని ఎవరు పంపుతారు? తల్లే ఇవతలికి రావాలి. కాన్పేమో శ్రావణంలో. నాట్లు, ఎడ్లు, మేకలు వదిలేసి నెలల ముందే వచ్చి కూర్చోవడం వదినకు కుదరదు. కరుణ మాత్రం "అమ్మ పక్కన లేకుంటే నాకు భయమైతది" అని ఫోనులో ఏడుస్తోంది.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె. సముద్రమంత నీళ్లు చూసినంక వాగెంత?" అన్నాడు మా ఆయన.

"ముల్లు ఇరిగి లోపల్నే ఉంటే?" అన్నాను నేను. నాకు అసలే మా బావిలోకి తొంగి చూడాలన్నా కళ్లు తిరుగుతాయి.

కొచ్చి

రెండువేల ఏడు, ఫిబ్రవరి నెల. సునామీ వచ్చి రెండేళ్లు దాటినా మా వీధిలో ఎవరూ దాన్ని మర్చిపోలేదు. రైలెక్కే దాకా ప్రతివాళ్లూ నాకు గుర్తు చేసి మరీ పంపించారు. ఒకావిడైతే "మీ ఆయన పాలసీలు అన్నీ కట్టిండా?" అని అడిగింది.

కొచ్చిలో అన్నం మెతుకు ఒక్కోటి చిక్కుడు గింజంత ఉంది. ఎర్ర కారం దొరక్క మా ఆయన ముఖం వేలాడేశాడు. నేను ముందుచూపుతో తెచ్చిన గోంగూర పచ్చడి సీసా, ఓడలో మాతో బల్ల దగ్గర కూర్చున్న ఒక బెంగాలీ ముసలాయనకు కూడా నచ్చింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రోజూ అడిగి వేయించుకునేవాడు.

ఓడను చూసి వదిన తల పైకెత్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్లతో కొలిచింది. తర్వాత, "ఇంత బరువు నీళ్ల మీద ఎట్ల నిలబడ్డదే?" అంది. నా భయమూ అదే.

మధ్యాహ్నం ఓడ కదిలింది. సాయంత్రానికి ఒడ్డు చిన్న గీతలా మిగిలి, అదీ పోయింది. ఎటు చూసినా నీళ్లే. మా ఆయన పైన డెక్కు మీద ఫోటోలు తీసుకుంటుంటే, నేనూ వదినా కింద మా గదిలో మంచాల మధ్య నేల మీద కూర్చున్నాం. ఓడ ఒక్కసారి పక్కకు ఒరిగేసరికి భయపడి వదిన చెయ్యి పట్టుకున్నాను. అంత భయంలోనూ ఆమె నన్ను సరిదిద్దింది.

"చెయ్యి కాదు విజయా, మనికట్టు పట్టుకో. తడి చెయ్యి జారతది."

నా గాజులు మోచేతి దాకా పైకి తోసి, నా మణికట్టు తను పట్టుకుని, తన మణికట్టు నా చేత పట్టించింది. వాగు దాటేటప్పుడు వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ముందు నేర్పేది అదేనట. రెండు కాళ్లూ గడ్డ మీద ఆనే దాకా విడవకూడదు.

"గిట్ల పట్టుకుంటే ఒకలు ఇడిసినా ఇంకొకలు పట్టుకునే ఉంటరు" అంది.

ఆ మాట అన్నాక ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అలా పట్టుకుంటే ఒక్కరు విడిచినా మనిషి పోడు కదా, మరి అన్నయ్య ఎలా పోయాడు? వాంతుల మాత్ర వేసుకుని పడుకున్నాను.

కవరత్తి

దీవి చుట్టూ నీటి అడుగున పగడపు గట్టు ఉంటుంది. పెద్ద ఓడ దాన్ని దాటి లోపలికి పోలేదు. బయట లోతు నీళ్లలో ఆగిపోతుంది. దిగాలంటే ఓడ పక్క గోడలో, నీళ్లకు కాస్త ఎత్తున ఒక ఇనుప తలుపు తెరుస్తారు. కింద చిన్న బోటు. అల బోటును పైకి ఎత్తిన క్షణంలో అందులోకి అడుగు వేయాలి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను ఊటీ దగ్గరే పట్టుబట్టేదాన్ని.

వదిన ఆ తలుపు దాకా వచ్చింది. కింద నీళ్లు చూసింది. వెనక్కి తిరిగి గదికి పోయింది. మా ఆయన "అక్కా, అక్కా" అంటూ వెంటపడితే, "నన్ను ఇడువురా తమ్మీ, మీరు పోయి రండి" అంది.

బోటులో నిలబడి దింపుతున్నవాడు సన్నగా, నల్లగా, నవ్వు ముఖంతో ఉన్నాడు. పేరు ముత్తుకోయ, మా ఓడ మనిషే, మూడు దీవుల దగ్గరా అతనే దింపాడు. వచ్చీరాని హిందీలో, "భయపడకండి, నా చెయ్యే పట్టుకోండి, నేను చెప్పగానే రండి" అన్నాడు. నేను కళ్లు మూసుకుని అడుగు వేశాను. తెరిచేసరికి బోటు బల్ల మీద కూర్చుని ఉన్నాను.

గట్టు దాటి లోపలికి పోతే మాత్రం సముద్రం సాధువైపోతుంది. కొత్త పట్టుచీర మడత విప్పినట్టు ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగు. అడుగున ఇసుక రేణువులు కనిపిస్తాయి. ఊరంతా కొబ్బరిచెట్లు. దిగగానే ఒక్కొక్కరికి ఒక బోండం చేతిలో పెట్టారు. మా ఖమ్మంలో పన్నెండు రూపాయలు పెడితే సగం కూడా నీళ్లు లేనిది ఇస్తారు. ఇక్కడ ఒకటి తాగితే భోజనం అక్కర్లేదు. కానీ టమాటా ధర విని నోరు తెరిచాను. కూరగాయలన్నీ మాలాగే ఓడెక్కి రావాలట. మధ్యాహ్నం అన్నంలో సూరచేప కూర, కొబ్బరి, ఆ పైన మళ్లీ కొబ్బరి.

దీవిలో పాములు లేవట. కుక్కలు లేవట. ఇంకో సంగతి తిరిగేటప్పుడు నాకే తట్టింది. సాయంత్రం ఓడకు వచ్చి వదినకు చెప్పాను.

"వదినె, ఆ ఊర్ల వాగు లేదు. ఏరు లేదు. కాలవ గూడ లేదు. వాన పడితే పడ్డకాడ్నే ఇసుకల ఇంకిపోతదంట."

వదిన మంచం మీద లేచి కూర్చుంది. "వాగు లేని ఊరా?"

"అవ్. ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంటికి ఎప్పుడు పోవాలన్నా పోవుడే."

నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి, "రేపు నేను గూడ వస్త. సూడాలె" అంది.

కల్పేని

పొద్దున సముద్రం అద్దంలా ఉంది. అయినా తలుపు దగ్గర వదిన గడప ముందే ఆగిపోయింది. నా గాజులు పైకి తోసి మణికట్టు పట్టుకుంది. ముత్తుకోయ కింద నుంచి చూశాడు. "అమ్మా, ఆమెను వదలండి. నా చెయ్యి ఒక్కటే" అన్నాడు. వదిన తల ఊపింది గానీ వదల్లేదు. బోటు పెద్దగా ఊగలేదు కాబట్టి ఇద్దరమూ జంట ఎడ్లలా ఒకేసారి దిగాం. ముత్తుకోయ నవ్వలేదు. "రోజూ ఇలా ఉండదు" అన్నాడు.

అతని పేరు విని వదినకు ధైర్యం వచ్చింది. వాళ్ల ఊరి చుట్టూ కోయగూడేలే. "ఈడ గూడ మన కోయోళ్లు ఉన్నరే!" అని నా చెవిలో అంది. అతను ముస్లిం అని, ఇక్కడ ఆ పేరు వేరని చెప్పినా ఒప్పుకోలేదు. "ఎట్లైతేంది, నీళ్ల సంగతి తెలిసినోడు" అంది.

దీవి మీద ఆమె చేసిన మొదటి పని, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా నడవడం. ఒక వక్కపలుకు నమిలేంత సేపట్లో దీవి అయిపోయింది. నిజంగానే మధ్యలో ఎక్కడా పారే నీళ్లు లేవు. ఒక ఇంటి ముందు చేప ఎండబెడుతున్న ముసలమ్మ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి బెల్లం, కొబ్బరి కలిపిన ఉండలు పెట్టింది. ఆమెకు తెలుగు రాదు, మాకు మలయాళం రాదు. వదిన తన కడుపు మీద చెయ్యి గుండ్రంగా తిప్పి, తర్వాత పిల్లను ఊపినట్టు చేతులు ఊపి, కూతురు సంగతి చెప్పేసింది. ముసలమ్మ ఇంకో నాలుగు ఉండలు ఆకులో చుట్టి ఇచ్చింది. సాయంత్రం మగవాళ్లు కర్రలతో ఆట ఆడారు. అచ్చం మన కోలాటమే, పాట ఒక్కటే వేరు.

తిరిగి ఓడ ఎక్కాక మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. "సూసినవా? ముల్లు వచ్చేసింది."

నాకు నమ్మకం కుదరలేదు. ముత్తుకోయ నవ్వని ముఖమే కళ్ల ముందు ఉంది.

మినికాయ్

ఇది దూరపు దీవి. తెల్లారేసరికి గాలి మొదలైంది. టిఫిను బల్ల మీద నా కాఫీ గ్లాసు తనంతట తానే బెంగాలీ ఆయన దగ్గరికి జరిగిపోయింది. పెద్దవాళ్లు దిగకపోయినా పరవాలేదని మైకులో చెప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇటు తిరిగి చూస్తే వదిన అప్పటికే కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, లైఫ్ జాకెట్ కట్టుకుని నిలబడి ఉంది. వద్దని ఎలా చెప్పను? ఆమె దిగడం కోసమే కదా ఇంత దూరం వచ్చింది.

తలుపు దగ్గర నిన్నటి సముద్రం లేదు. బోటు ఒక క్షణం మా పాదాల ఎత్తుకు లేస్తోంది, మరుక్షణం మనిషి లోతుకు పడిపోతోంది. ఓడ గోడకూ బోటుకూ మధ్య సందు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మూసుకున్నప్పుడల్లా మధ్యలో కట్టిన టైర్లు కీచుమంటున్నాయి. ఆ సందులో మనిషి పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఆయన ముందు దిగాడు. తర్వాత వదిన. వెనక తలుపులో నేను. వదిన కుడి చెయ్యి ముత్తుకోయకు ఇచ్చింది. ఎడమ చెయ్యి నా మణికట్టు మీదే ఉంది, నా చెయ్యి ఆమె మణికట్టు మీద. బోటు లేచింది. "ఆవో!" అని ముత్తుకోయ రమ్మన్నాడు. ఆమె అడుగు వేసింది. నేను వదల్లేదు, ఆమె వదల్లేదు. రెండు కాళ్లూ ఆనలేదు కదా!

బోటు పడిపోయింది.

నా మోకాళ్లు ఇనుప గడప మీద పడ్డాయి. రొమ్ము నేలకు తాకింది. వెనక నుంచి ఎవరో నా లైఫ్ జాకెట్ పట్టి లాగారు. వదిన కాలి మునివేళ్లు బోటు అంచు మీద ఉన్నాయి, ఒళ్లంతా గాలిలో, ఒక చెయ్యి కిందికి, ఒక చెయ్యి పైకి. ఆమె కింద సందు తెరుచుకుంటోంది.

"ఛోడో! ఛోడో!" అని, వదిలెయ్యమని ముత్తుకోయ అరుస్తున్నాడు.

"ఇడువకు విజయా! అక్కను ఇడువకు!" అని మా ఆయన బోటులో నుంచి గొంతు చించుకుంటున్నాడు.

వదిన తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఆమె తన గురించి భయపడటం లేదు. నేను జారి వస్తున్నానని భయపడుతోంది.

"ఇడువు విజయా."

నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా. నేను ఇడిసిన. నువ్వు గూడ ఇడువు."

అప్పుడు చూశాను. నా మణికట్టు మీద ఆమె వేళ్లు లేవు. పట్టుకున్నది నేనొక్కదాన్నే. వేళ్లు తెరిచాను.

ఆమె వెనక్కి ఒరిగి ముత్తుకోయ మీద పడింది. ఇద్దరూ కలిసి బోటు అడుగున దొర్లారు. సందు టైర్ల చప్పుడుతో మూసుకుంది. వదిన మోకాలు చెక్కుకుపోయింది, అంతే. నేను ఎవరి చెయ్యీ లేకుండా ఎలా దిగానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. వదినకు ఏమైందో చూడాలన్న ఆత్రంలో దిగి ఉంటాను.

తీరం చేరే దాకా మా ఆయన నాతో మాట్లాడలేదు. ఇసుకలో కాలు పెట్టగానే, "నేను ఇడువకు అంటుంటే ఎందుకు ఇడిసినవ్? అక్కకు ఏమన్న అయితుంటే?" అన్నాడు. ఏడుపు ఆపుకోవడానికి కోపం తెచ్చుకున్నాడని తెలుసు. విసురుగా, దూరంగా కనిపిస్తున్న లైట్‌హౌస్ వైపు నడిచి పోయాడు.

మినికాయ్‌లో మగవాళ్లు దేశదేశాల ఓడల్లో పని చేస్తారు, ఇళ్లు ఆడవాళ్లవి. పెళ్లయితే మగవాడే భార్య ఇంటికి వచ్చి ఉంటాడట. మన వైపు ఇల్లరికపు అల్లుడంటే ఎంత ఎగతాళి! ఇక్కడ ఊరు మొత్తం ఇల్లరికమే. వేరే రోజైతే ఈ సంగతి మీద మా ఆయన్ను ఒక పూటంతా ఆట పట్టించేదాన్ని.

కొబ్బరిచెట్టు కింద కూర్చుని వదిన మోకాలికి నా రుమాలు కట్టాను. ముడి నాకు కుదరకపోతే ఆమే బిగించుకుంది. నీళ్ల వైపు చూస్తూ చెప్పింది.

"ఆయన గూడ గట్లనే అన్నడు."

"ఎవలు వదినె?"

"మీ అన్న. వాగు నడుమ కాలు తప్పింది. నీళ్లు లాగుతున్నయి. నేను పట్టుకునే ఉన్న. ముందుగాల ఆయనే ఇడిసిండు. ఇడువు రత్నా, నువ్వు గూడ పోతవు, పిల్ల ఆగమైతది అన్నడు. మూడు మాట్ల అన్నడు. మూడోసారికి ఇడిసిన."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే? సచ్చినోడు వచ్చి సాక్ష్యం చెప్తడా? తన తప్పు మొగుని మీద పెట్టిందంటరు. ఆయన చేసిన మంచి గూడ అబద్ధమైతది. తమ్మునికి చెప్పకు. నేనే చెప్త, నాకు చాతనైన రోజు."

మా ఆయన ఆ సాయంత్రం కూడా నా మీద అలిగే ఉన్నాడు. నేను మాట పడ్డాను గానీ చెప్పలేదు. ఓడ ఎక్కేటప్పుడు ముత్తుకోయ వదినకు దణ్ణం పెట్టాడు. వదిన కల్పేని ముసలమ్మ ఇచ్చిన ఉండల్లో ఒకటి అతని చేతిలో పెట్టింది.

వాగు

యాత్ర కొచ్చిలో అయిపోయిందని రాయొచ్చు. కానీ అవలేదు.

శ్రావణంలో వదినను తీసుకురావడానికి మేమిద్దరం ఆ ఊరికి పోయాం. మేం దాటినప్పుడు వాగులో నీళ్లు పిక్కల దాకానే, చేరిన రాత్రే వాన దంచికొట్టింది. పొద్దున వాగు ఎర్రగా, గడ్డిపరకల్నీ కొమ్మల్నీ మోసుకుంటూ పారుతోంది. రోడ్డు వైపు గడ్డ మీద నుంచి కరుణ భర్త నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేక వేశాడు. నొప్పులు మొదలయ్యాయట.

మధ్యాహ్నానికి వాగు కొంత తీసింది. ఊళ్లో లచ్చయ్య కర్ర దింపి చూసి, "నడుము దాకనే. ఇప్పుడైతే దాటొచ్చు, మళ్ల వాన పడితే చెప్పలేం" అన్నాడు. ముందు లచ్చయ్య, తర్వాత నేను, నా వెనక వదిన, చివర మా ఆయన. మణికట్టుకు మణికట్టు. నాకు ఆ ఇనుప తలుపే గుర్తొచ్చింది. ఓడలో అయితే లైఫ్ జాకెట్లు ఉండేవి.

వదిన పాదం నీళ్ల అంచున ఆగిపోయింది. సముద్రం చూసి వచ్చినా ఆమె భయం ఎక్కడికీ పోలేదు. మా ఆయన, "అక్కా, నేను పట్టుకున్న కదా, ఇడువ" అన్నాడు.

వదిన వెనక్కి తిరిగింది.

"ఇడువాలె. నేను ఇడువు అన్ననాడు ఇడువాలె. ఒప్పుకుంటేనే దిగుత."

"గదేం మాట అక్కా!"

"మీ బావ నాతోని గదే అన్నడురా. ఈడనే. తను ఇడిసి, నన్ను ఇడువుమన్నడు."

కర్ర పట్టుకున్న లచ్చయ్య తల దించుకున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. మినికాయ్‌లో నన్ను అన్న మాటలన్నీ ఆయనకు గుర్తొచ్చినట్టున్నాయి. అక్క మణికట్టు మీద పట్టు సర్దుకున్నాడు.

"సరే అక్కా. ఇడుస్త" అన్నాడు.

అప్పుడు దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చినప్పుడు నాకు దేవుడు తప్ప ఎవరూ గుర్తు రాలేదు. నడిమధ్యలో వదిన ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో మా అందరికీ తెలుసు. మళ్లీ అడుగు వేసింది. ఇడువు అనాల్సిన అవసరం రాలేదు.

గడ్డ ఎక్కాం. కరుణ భర్త ఆటో తెచ్చి పెట్టాడు. లచ్చయ్య నన్ను వదిలేశాడు, నేను వదినను వదిలేశాను. మా ఆయన మాత్రం ములకలపల్లి దవాఖానా దాకా, తడిబట్టలతో ఆటోలో ఆమె పక్కన కూర్చుని, ఆ మణికట్టు పట్టుకునే ఉన్నాడు. వదిన ఇడువు అనలేదు.